చలికాలంలో ఫ్లై ఫిషింగ్: వేళ్ళు మొద్దుబారకుండా ఏట్లో ఒక రోజు

డిసెంబరు మొదలవగానే నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "ఇంత మంచులో కూడా చేపలు పడతాయా? పడితే మేమూ వస్తాం, ఏమేం తెచ్చుకోవాలి?" వీళ్ళలో చాలామంది వేసవిలో నాతో ఒకటి రెండుసార్లు వచ్చి, ఫ్లై రాడ్‌తో గాలం (పురుగులా కనిపించేలా కట్టే ఈ గాలాన్నే ఫ్లై అంటారు) విసరడం ఒక మాదిరిగా నేర్చుకున్నవాళ్ళే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి అలిసిపోయి, మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను వెళ్ళేది అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌కి నైరుతిగా కొండల్లో పారే సౌత్ ప్లాట్ నదికి. చీస్‌మన్ డ్యామ్ కింద నుంచి డెక్కర్స్ అనే చిన్న ఊరి దాకా ఉన్న ఏరు. ఇక్కడి వివరాలే ఎక్కువ చెబుతాను. పద్ధతి మాత్రం ట్రౌట్ చేప ఉన్న ఏ చల్లటి ఏటికైనా సరిపోతుంది.

ముందే ఒక మాట. చలికాలంలో చేపను వెతకడం వేసవి కంటే తేలిక, ఎందుకంటే అవన్నీ ఒకేలాంటి చోట్ల చేరి ఉంటాయి. మనల్ని ఓడించేది మన వేళ్ళే. వేళ్ళు మొద్దుబారితే ముడి పడదు. ముడి పడకపోతే గాలం లేదు. గాలం లేకుండా ఏట్లో నిలబడితే మనకంటే కొంగ నయం, దానికైనా చేప దొరుకుతుంది. అందుకే కింద చెప్పే ప్రతి పని వెనకా ఒకటే లెక్క ఉంది: ఏటి దగ్గర గ్లోవ్స్ తీయాల్సిన అవసరం ఎన్నిసార్లు తప్పించుకోగలం?

## 1. ఏటిని ఎంచుకోండి

మామూలు కొండవాగు జనవరిలో గడ్డకట్టుకుపోతుంది. పెద్ద డ్యామ్ కింద పారే ఏరు అలా కాదు. నీళ్ళు సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 39 ఫారన్‌హీట్ దగ్గర, అన్నిటికంటే బరువుగా ఉంటాయి. ఆ నీళ్ళు జలాశయం అడుక్కి దిగుతాయి, గడ్డకట్టినది పైన తేలుతుంది. డ్యామ్ అడుగు నుంచి వదిలినప్పుడు మనకొచ్చేవి ఆ అడుగు నీళ్ళే. బయట గాలి ఎంత కొరికేస్తున్నా ఏరు ఆవిర్లు కక్కుతూ పారుతుంది. డ్యామ్‌కి దూరం జరిగేకొద్దీ ఈ లాభం కరిగిపోతుంది.

మొదటిసారి అయితే డెక్కర్స్ దగ్గర రోడ్డు పక్కన దిగండి. కారు కనిపించేంత దూరంలో ఉండటం చలికాలంలో పెద్ద భద్రత. పైనున్న చీస్‌మన్ కాన్యన్ ఇంకా బాగుంటుంది కానీ గిల్ ట్రెయిల్ అనే కాలిబాటన నడిచి వెళ్ళాలి. ఆ బాట నీడపట్టున అద్దంలా గడ్డకడుతుంది. బూట్లకి తగిలించుకునే ఇనుప ముళ్ళ పట్టీలు లేకుండా అటు వెళ్ళకండి.

అట్లాంటా పక్కన కమ్మింగ్, ఆల్ఫరెటాల్లో మనవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు కదా, వాళ్ళకి బ్యూఫోర్డ్ డ్యామ్ కింద చాటహూచీ నది ఇంటి పక్కనే ఉంది. అక్కడ విద్యుత్తు కోసం నీళ్ళు వదిలితే ఏరు నిమిషాల్లో పొంగుతుంది. సైరన్ వినగానే ఒడ్డెక్కాలి. డ్యామ్ దగ్గర లైఫ్ జాకెట్ తప్పనిసరి. టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి కాన్యన్ లేక్ కింద గ్వాడలూప్ నది ఉంది. అక్కడ చలికాలంలోనే ట్రౌట్‌ని తెచ్చి వదులుతారు కాబట్టి అసలు సీజనే ఇది.

బయల్దేరే ముందు ఏటి ప్రవాహం చూసుకోండి. అమెరికా భూగర్భ సర్వే వాళ్ళ కొలతలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. సెకనుకి ఇన్ని ఘనపుటడుగులు అని రాస్తారు, అంటే మన క్యూసెక్కులే. ప్రకాశం బ్యారేజీ దగ్గర లక్షల క్యూసెక్కులు అని వార్తల్లో విన్న మనకి, ఇక్కడ చలికాలపు 100 క్యూసెక్కులు వింటే నవ్వొస్తుంది. ఆ వందలోనే మోకాళ్ళ దాకా నిలబడి చూడండి, నవ్వు ఆగిపోతుంది.

లైసెన్సు సంగతి. కొలరాడోలో 16 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ కావాలి. నదిలో ఏ భాగానికి ఏ నిబంధనో ఒడ్డున బోర్డులుంటాయి, చదవండి. డెక్కర్స్ దగ్గర ఫ్లైలూ లూర్లూ (చేపని ఊరించే కృత్రిమ ఎరలు) మాత్రమే వాడాలి. వానపాము, పిండిముద్ద కుదరవు. కాన్యన్‌లో పట్టిన ప్రతి చేపనీ వదిలేయాలి. "మరి పులుసో?" అని అడగని తెలుగువాడు నాకింతవరకూ తగల్లేదు. పులుసు చేప వచ్చేదారిలో కొట్లో కొనుక్కోండి.

## 2. రోజునీ గంటనీ ఎంచుకోండి

నేను వాతావరణంలో మూడు చూస్తాను. మధ్యాహ్నం 40 ఫారన్‌హీట్ దాటాలి. గాలి తక్కువుండాలి. ముందు రాత్రి మరీ విపరీతమైన చలి ఉండకూడదు.

మూడింట్లో గాలే ముఖ్యం. 35 డిగ్రీలున్నా గాలి లేకపోతే హాయిగా గడిచిపోతుంది. 45 ఉండి గాలి వీస్తే గంటలో ఇంటికొస్తారు, పైగా లైను మీ చెవికే చుట్టుకుంటుంది.

ముందు రాత్రి చలి ఎందుకంటారా? ఎముకలు కొరికే రాత్రి తర్వాత పొద్దున ఏట్లో గడ్డ ముక్కలు, మంచు ముద్ద కలిసి ఐస్‌గోలా లాగా కొట్టుకొస్తాయి. అందులో గాలం వేయడం దండగ. మధ్యాహ్నానికి అది తేరుకుంటుంది.

తెల్లవారుజామున లేవాల్సిన పని లేదు. చలికాలపు ఫ్లై ఫిషింగ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. తీరిగ్గా ఇడ్లీ తిని, ఎనిమిదిన్నరకి బయల్దేరితే పదికి చేరతాం. పదిన్నర నుంచి మూడింటి దాకా చేపకి ఆకలి వేసే సమయం. ఆ తర్వాత ఎండ కొండ వెనక్కి దిగుతుంది, చలి ఒక్కసారిగా పడుతుంది. మూడున్నరకి ఏట్లో ఉండకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం.

## 3. ముడులన్నీ ఇంట్లోనే వేయండి

ఈ భాగం నెమ్మదిగా చదవండి. మిగతావన్నీ మర్చిపోయినా ఫరవాలేదు.

చలికాలంలో ట్రౌట్‌కి దొరికే ముఖ్యమైన తిండి మిడ్జ్ అనే పురుగు. చూడటానికి దోమ, కుట్టదు. ఏటి అడుగున పిల్లపురుగుగా ఉండి, పైకి తేలి రెక్కలు విప్పుకుంటుంది. దాన్ని పోలిన ఫ్లైలు 20 నుంచి 24 సైజు గాలాల మీద కడతారు. ఇక్కడ నెంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది. 22 నెంబరంటే నువ్వుగింజకి కాస్త పెద్ద. దాని రంధ్రంలోంచి దూర్చాల్సిన టిప్పెట్ (గాలం కట్టే సన్నటి దారం) 6ఎక్స్, అంటే 0.005 అంగుళం మందం. చలికి వణికే చేతులతో ఈ పని చేయడం, వణుకుతున్న చేత్తో సూదిలో దారం ఎక్కించడం కంటే పది రెట్లు కష్టం.

కాబట్టి ముందు రాత్రి, హీటర్ పక్కన, మంచి లైటు కింద కూర్చోండి.

1. సుమారు 40 అంగుళాల 6ఎక్స్ టిప్పెట్ తీసుకోండి. పై చివర చిన్న ఉచ్చు ముడి వేయండి.
2. ఉచ్చు నుంచి 18 అంగుళాల దిగువన మొదటి ఫ్లై కట్టండి. ఇది కాస్త పెద్దది, కంటికి ఆనేది. గుడ్డు ఆకారం ఫ్లై గానీ, ఎర్ర మిడ్జ్ గానీ.
3. ఆ గాలం వంపుకి ఇంకో 16 అంగుళాల టిప్పెట్ కట్టి, చివర చిన్న ఫ్లై కట్టండి. నా చేయి ముందు జీబ్రా మిడ్జ్ మీదకీ ఆర్‌ఎస్2 మీదకీ వెళ్తుంది. ఆర్‌ఎస్2 ఈ సౌత్ ప్లాట్ కోసమే రిమ్ చుంగ్ తయారు చేసిన ఫ్లై.
4. రెండు గాలాల ముళ్ళనీ, అంటే కొసకి వెనక్కి తిరిగి ఉండే ఆ చిన్న పంటిని, పట్టకారుతో నొక్కేయండి.
5. మొత్తాన్ని ఒక చిన్న ఫోమ్ ముక్క చుట్టూ చుట్టి, మీద ఫ్లై పేరు రాయండి.

ఇలాంటివి ఆరు చేయండి. లీడర్ (మందపాటి లైనుకీ టిప్పెట్‌కీ మధ్య ఉండే దారం) చివర కూడా ఒక ఉచ్చు ముందే వేసి ఉంచండి. ఏటి దగ్గర ఉచ్చులో ఉచ్చు దూర్చి లాగితే పని అయిపోతుంది. గ్లోవ్స్‌తోనే చేయొచ్చు. గాలం రాయికి తగిలి తెగితే మాటలేదు, ఇంకో ఫోమ్ ముక్క తీయడమే.

ఒక పరీక్ష ఉంది. గిన్నెలో ఐసు నీళ్ళు పోసి రెండు చేతులూ ఒక నిమిషం ముంచండి. వెంటనే ఒక క్లించ్ ముడి (దారానికి గాలం కట్టే ముడి) వేయడానికి ప్రయత్నించండి. మా ఇంట్లో ఈ పరీక్ష మా అబ్బాయి నాకే పెట్టాడు, నేను తప్పాను. ఆ రాత్రే ఆరు కాస్తా పదయ్యాయి.

బరువుకి సీసపు గుండ్ల కన్నా టంగ్‌స్టన్ ముద్ద నయం. మైనంలా ఉంటుంది, లైనుకి నలిపి అంటించాలి. చలికి రాయిలా బిగుసుకుపోతుంది కాబట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి.

## 4. బట్టలు వేసుకునే వరస

కాటన్ వద్దు. బనీను దగ్గర్నుంచి సాక్సు దాకా ఏదీ కాటన్ ఉండకూడదు. అది చెమట పీల్చుకుని వదలదు, తడి గుడ్డ చుట్టుకున్నట్టే. జీన్స్ మీద వేడర్లు (పాదాల నుంచి ఛాతీ దాకా వచ్చే, నీళ్ళు దూరని తొడుగు) తొడుక్కుని వచ్చినవాళ్ళని నేను చూశాను, మధ్యాహ్నం దాకా నిలబడ్డవాళ్ళని చూడలేదు.

ఒంటికి ఆనుకుని పల్చటి ఉన్ని లేదా సింథటిక్ పొర, దాని మీద ఫ్లీసు, దాని మీద ఉబ్బు జాకెట్, అన్నిటి మీద గాలి చొరబడని రెయిన్ జాకెట్. కాళ్ళకి లోపలి పొర, ఫ్లీసు ప్యాంటు, ఆపైన వేడర్లు.

పాదాల దగ్గర అందరూ ఒకే తప్పు చేస్తారు. చలి కదా అని రెండు మందపాటి సాక్సులు వేసి, వేసవి బూట్లలో బలవంతంగా పాదం తోస్తారు. బిగుతుకి రక్తం ఆడదు, వేళ్ళు ఇంకా త్వరగా మొద్దుబారతాయి. ఒక పల్చటి సాక్సు, ఒక మందపాటిది వేసుకుని, లోపల వేళ్ళు ఆడించగలగాలి. ఆడకపోతే ఒక సాక్సు తీసేయండి, లేదా ఒక సైజు పెద్ద బూట్లు కొనండి.

బూటు అడుగున ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని గుడ్డ) ఉంటే చలికాలంలో అది మంచుని పట్టుకుంటుంది. పది అడుగులు నడిచేసరికి కాలి కింద మంచు ఉండ తయారై, హైహీల్స్ వేసుకున్నట్టు తూలుతారు. రబ్బరు అడుగూ ఇనుప మేకులూ ఉన్న బూట్లే మేలు.

చేతులకి రెండు జతలు కావాలి. వేళ్ళ కొసలు బయటికుండే ఉన్ని గ్లోవ్స్ ఒకటి, మందపాటి పూర్తి గ్లోవ్స్ ఒకటి. ఉన్ని జత ఇంకోటి సంచిలో. ఒకటి తడవడం ఖాయం. లోపల పల్చటి నైట్రైల్ తొడుగు వేసుకుంటే తడి చేతిదాకా రాదు, డాక్టరు చేతుల్లా కనిపించినా పర్లేదు.

గాలి తగిలితే వేడెక్కే హ్యాండ్ వార్మర్ ప్యాకెట్లు ఉంటాయి కదా, వాటిని కారులోనే చింపి పెట్టండి. వేడెక్కడానికి పావుగంట పడుతుంది. తడిస్తే పనిచేయవు. వేడర్ల లోపల పాదాల దగ్గర గాలి ఆడదు కాబట్టి అక్కడా పెద్దగా పనిచేయవు. జాకెట్ జేబుల్లో పెట్టి, చేతుల్ని అక్కడికి తీసుకెళ్ళండి.

కారులో ఇవన్నీ సిద్ధంగా ఉండాలి:

- లోపలి బట్టల నుంచి సాక్సు దాకా పూర్తి పొడి జత
- పెద్ద తువ్వాలు, దుప్పటి
- ఉన్ని టోపీ ఇంకోటి
- ఫ్లాస్కు, తినడానికి తీపి
- కింద పరుచుకోవడానికి రబ్బరు మ్యాట్ (మంచులో పాదం పెట్టి వేడర్లు మార్చుకుంటే తెలుస్తుంది దీని విలువ)
- పార, ఫుల్ ట్యాంకు పెట్రోలు

కారు తాళంచెవి జిప్ కవర్లో వేసి, వేడర్ల లోపలి జేబులో పెట్టండి. డెక్కర్స్ చుట్టుపక్కల ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకూడదు. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎన్నింటికి తిరిగొచ్చేదీ ఇంట్లో చెప్పి బయల్దేరండి.

## 5. ఏటి ఒడ్డున మొదటి అరగంట

వేడర్లు ఇంటి దగ్గరే తొడుక్కుని కారు నడపకండి. హీటర్‌కి చెమట పడుతుంది, ఆ చెమటే తర్వాత చలవుతుంది. అక్కడికెళ్ళాక మార్చుకోండి.

9 అడుగుల 5 నెంబరు రాడ్ సరిపోతుంది. లీడర్ 9 అడుగులు. బెండు స్థానంలో చిన్న ఇండికేటర్ పెట్టండి. అది గాలం నుంచి ఏటి లోతుకి ఒకటిన్నర రెట్ల దూరంలో పైన ఉండాలి. ఉచ్చులో ఉచ్చు తగిలించి, మొదటి ఫ్లైకి పైన కొంచెం టంగ్‌స్టన్ ముద్ద అంటించండి.

ఇప్పుడు ఏట్లో దిగకండి.

ఒడ్డు మీద పది నిమిషాలు నిలబడి చూడండి. నీళ్ళ మీద చిన్న సుడులు లేస్తున్నాయా? మంచు మీద నల్లటి చుక్కలు నడుస్తున్నాయా? ఆ చుక్కలే మిడ్జ్‌లు. మొదటిసారి మంచు మీద మిరియాల పొడి చల్లారేమో అనుకున్నాను. కారు దగ్గరికొచ్చి గ్లోవ్స్ చూసుకుంటే వాటి మీదా నడుస్తున్నాయి.

ఒడ్డున గడ్డకట్టిన పలక నీళ్ళ మీదకి చాచుకుని ఉంటే దాని మీద నిలబడొద్దు. కింద బోలుగా ఉంటుంది. పైనుంచి విరిగి కొట్టుకొచ్చే పలకల్ని కూడా గమనిస్తుండండి, మోకాలికి తగిలితే నిలబడలేరు.

ఏటి అడుగున శుభ్రంగా, చుట్టుపక్కల కంటే తెల్లగా మెరిసే గులకరాళ్ళ గుంటలు కనిపిస్తే వాటిలో కాలు పెట్టకండి. బ్రౌన్ ట్రౌట్ శరదృతువులో అక్కడ గుడ్లు పెట్టి కప్పింది. చలికాలమంతా అవి రాళ్ళ కిందే ఉంటాయి. ఒక్క అడుగు చాలు, వందల గుడ్లు పోతాయి.

## 6. చేప ఎక్కడుంటుంది, దాని నోటి దగ్గరికి ఎలా చేర్చాలి

చల్లటి నీళ్ళలో చేప ఒళ్ళు నెమ్మదిస్తుంది. వేగంగా పారే చోట నిలబడి ఈదే ఓపిక ఉండదు. లోతుగా, మందంగా, మనిషి నడక కంటే నెమ్మదిగా పారే మడుగుల్లో అడుక్కి చేరి ఉంటుంది. వేగపు పారకం వచ్చి మడుగులో కలిసేచోట, ఆ అంచు దిగువన చూడండి. ఒకటి దొరికిన చోట ఇంకో పది ఉంటాయి.

ఓపిక తగ్గిన చేప తిండి కోసం పక్కకి రెండడుగులు కూడా జరగదు. అందుకే గాలం అది ఉన్న లోతులోనే, దాని మూతి ముందు నుంచే, ఏరు తీసుకెళ్ళే వేగంతోనే వెళ్ళాలి. లైను ఇండికేటర్‌ని లాగితే గాలం పరిగెత్తుతుంది, చేప చూసి ఊరుకుంటుంది. లైనుని పైవాలుకి ఎత్తి వేసి ఆ లాగుడు తీసేయడాన్ని మెండ్ చేయడం అంటారు. ఇండికేటర్ పక్కనున్న నురుగు వేగంతో సమానంగా వెళ్తుంటే సరిగ్గా ఉన్నట్టు.

ముందు మీకు దగ్గరగా పారే నీళ్ళ వరసలో గాలం వేయండి. ఒక వరసలో పదిహేనుసార్లు, తర్వాత ఒక అడుగు అవతల. దగ్గరివి వదిలి దూరం విసిరితే, కాళ్ళ దగ్గరున్న చేపల్ని తరిమేసినట్టే.

ఏమీ తగలకపోతే మార్చాల్సిన వరస ఇది:

1. బరువు పెంచండి. గాలం అప్పుడప్పుడు అడుక్కి తగిలి, ఇండికేటర్ తడబడాలి.
2. లోతు మార్చండి. ఇండికేటర్‌ని ఆరంగుళాలు పైకి జరపండి.
3. చోటు మార్చండి.
4. అన్నిటికీ చివర, ఫ్లై మార్చండి.

కొత్తవాళ్ళు ఈ వరసని తలకిందులుగా చేస్తారు. అరగంటలో ఆరు ఫ్లైలు మారుస్తారు, ఒంటిగంటకల్లా వేళ్ళు నీలంగా మారతాయి. మొదటి మూడూ గ్లోవ్స్‌తోనే అయ్యే పనులు, గమనించండి.

చలికాలపు కొరుకుడు చాలా మెత్తన. చిన్నప్పుడు మా ఊరి కాలవగట్టు మీద బెండు గభాల్న మునిగితే లాగేవాళ్ళం. ఇక్కడ అలా మునగదు. ఒక్క క్షణం ఆగినట్టు, ఏదో గుర్తొచ్చినట్టు నిలుస్తుంది. అంతే. ఆ అనుమానానికే రాడ్ మెల్లగా ఎత్తండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు రాయే. పదోది కదులుతుంది.

## 7. చేప తగిలాక

6ఎక్స్ మీద గుంజొద్దు. రాడ్ వంపుతోనే ఆపాలి. పరిగెత్తితే వదలండి, ఆగితే చుట్టండి.

వల నీళ్ళలోనే ఉంచి అందులోకి జారవిడవండి. చేపని వలలో నీళ్ళ కిందే ఉంచి, పట్టకారుతో గాలం పట్టుకుని తిప్పితే, ముల్లు నొక్కేశాం కాబట్టి జారి వస్తుంది. చేతితో చేపని తాకాల్సిన పని లేదు, మీ చేయీ తడవదు.

ఫోటో? గాలి 32 ఫారన్‌హీట్ కన్నా తక్కువుంటే చేపని నీళ్ళలోంచి ఎత్తకండి. తడి మొప్పలు గాలికి గడ్డకడతాయి. కాస్త వెచ్చటి రోజైతే తడి చేతులతో రెండు క్షణాలు ఎత్తండి, స్నేహితుణ్ణి కెమెరాతో సిద్ధంగా పెట్టుకుని మాత్రమే. గ్లోవ్స్‌తో పట్టుకుంటే దాని ఒంటి మీద జిగురు పొర పోతుంది. ఫోటో తర్వాత చేతుల్ని తువ్వాలుతో పూర్తిగా తుడిచి, వార్మర్ ఉన్న జేబులో మూడు నిమిషాలు పెట్టండి. ఈ మూడు నిమిషాలు ఎగ్గొట్టి మళ్ళీ గాలం వేయాలని ఎంత తొందరగా ఉంటుందో నాకు తెలుసు.

## 8. తప్పనిసరిగా ఎదురయ్యే తిప్పలు

గైడ్లలో ఐసు. లైను లోపలికి లాగినప్పుడల్లా నీళ్ళు మోసుకొచ్చి, రాడ్ మీద రింగుల్లో వదులుతుంది. కొస రింగు ముందు మూసుకుపోతుంది. రెండేళ్ళ క్రితం దాన్ని వేళ్ళతో చిదమబోయి రాడ్ కొస టప్పున విరిచాను, అదీ ఆ రోజు మొదటి గంటలోనే. రాడ్ కొసని నీళ్ళలో ముంచి పట్టుకోండి, ఏటి నీళ్ళు గడ్డకట్టే చలి కన్నా వెచ్చనే కాబట్టి కరిగిపోతుంది. రాకుండా ఉండాలంటే లైనుని తక్కువగా లాగి, ఒకే పొడవుతో వేయండి. రింగులకి సిలికాన్ జెల్లు రాస్తే కొంతసేపు ఆగుతుంది. మళ్ళీ రాయాలి.

రీలు బిగుసుకుపోవడం. తడి రీలుని మంచులో పెట్టి టీ తాగాను. వెనక్కొచ్చాక మొదటి వేటుకే మంచి చేప తగిలింది, పరుగు తీసింది, రీలు తిరగలేదు. టిప్పెట్ తెగిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. రీలుని నీళ్ళలో ముంచకండి, మంచులో ఆనించకండి. బిగుసుకుంటే జాకెట్ లోపల చంకలో కాసేపు పెట్టుకోండి.

బూటు లేసులు. ఏట్లోంచి బయటికొచ్చిన ఐదు నిమిషాల్లో ఇనుప తీగల్లా గడ్డకడతాయి. ముడి విప్పలేక ఒక స్నేహితుడు బూట్లతోనే కారెక్కి, హీటర్ కాళ్ళ మీదకి తిప్పుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. బయటికి వచ్చే ముందు ఏట్లో ఉండగానే ముడి వదులు చేసుకోండి. గడ్డకట్టాక అయితే వాటి మీద ఫ్లాస్కులోని వేడి నీళ్ళు పోయండి, టీ కాదు.

ఇండికేటర్ చుట్టూ చిక్కు. తడి గ్లోవ్ లైనుకి అతుక్కుని మొత్తం పక్షి గూడులా తయారవుతుంది. విప్పడానికి రెండు నిమిషాలకు మించి ఇవ్వకండి. కత్తిరించి జేబులో వేసుకుని, కొత్త ఫోమ్ ముక్క తీయండి.

## 9. నీళ్ళలో పడితే

నా నియమం: చలికాలంలో మోకాలు దాటి దిగను. నీళ్ళు తక్కువగా ఉండే కాలం కాబట్టి చాలా చోట్ల దిగే అవసరమే రాదు. వేడర్ల నడుము పట్టీ ఎప్పుడూ బిగించి ఉండాలి, అది ఉంటే పడినా నీళ్ళు లోపలికి నెమ్మదిగా వస్తాయి. చేతికర్ర ఉంచుకోండి. పాదం ఎత్తి వేయకుండా ఈడ్చుతూ నడవండి.

అయినా పడొచ్చు. నేను మొన్న ఫిబ్రవరిలో పడ్డాను. చల్లటి నీళ్ళు తగలగానే ఊపిరి ఆగినట్టై, ఎగశ్వాస వస్తుంది. ఆ మొదటి నిమిషం ఒకటే పని: నోరు నీళ్ళ పైన ఉంచుకుని ఊపిరి దారికి తెచ్చుకోవడం. ఆ తర్వాత చేతులూ కాళ్ళూ చెప్పిన మాట వినే సమయం పది నిమిషాల దాకా ఉంటుంది. ఆ లోపు ఒడ్డు చేరాలి. ఏరు కొట్టుకుపోతుంటే వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువ వైపు పెట్టండి. రాడ్ పోతే పోనివ్వండి.

ఒడ్డెక్కాక:

- నేరుగా కారుకి. "ఇంకో రెండు వేటులు వేసి వస్తా" వద్దు.
- తడివన్నీ విప్పి, తుడుచుకుని, పొడి బట్టలు. సిగ్గుపడే సమయం కాదు.
- తీపి టీ. మద్యం కాదు. మద్యం చర్మంలోకి రక్తాన్ని తెచ్చి, లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.
- తెల్లబారిన వేళ్ళని రుద్దకండి. చంకలో పెట్టుకోండి. స్పర్శ తిరిగి రాకపోతే ఆస్పత్రికి.

పక్కవాడి మాట తడబడినా, నడక తూలినా, చేతిలోవి జారవిడుస్తున్నా, ఊరికే విసుక్కుంటున్నా, అతని మాట వినకుండా కారుకి నడిపించండి. "నాకేం కాలేదు" అనే మనిషినే ముందు లాక్కెళ్ళాలి.

## 10. తిండీ, మధ్యలో విరామమూ

ఒంటిగంటకి గాలం పక్కన పెట్టి తీరాలి. చేపలు పడుతున్నా సరే.

పులిహోర తీసుకెళ్ళకండి. చలికి అన్నం మెతుకులు గులకరాళ్ళవుతాయి. చిక్కీ కూడా అంతే, నా స్నేహితుడి పంటి బిల్లు నేను చెప్పను. వెడల్పు మూతి ఫ్లాస్కులో మిరియాల రసం, ఇంకో ఫ్లాస్కులో అల్లం టీ, ఖర్జూరాలు, వెచ్చగా చుట్టిన పరాఠాలు. ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలుంచి, అవి పారబోసి రసం పోస్తే నాలుగు గంటలు కాలుతూ ఉంటుంది.

ఎండ తగిలే బండ చూసుకుని కూర్చోండి. వేసవిలో ఇక్కడ పక్కవాడి లైను తగలకుండా గాలం వేయడం కష్టం. జనవరిలో మంగళవారం వస్తే కనుచూపు మేర మీరొక్కరే. డిప్పర్ అనే బూడిదరంగు పిట్ట రాయి మీద నిలబడి గుంజీలు తీస్తుంది, తీసి తీసి ఆ చల్లటి నీళ్ళలోకే దూకి, అడుగున నడిచి, పురుగుతో బయటికొస్తుంది. రసం తాగుతూ దాన్ని చూస్తే నా మూడు పొరల జాకెట్లు నాకే అనవసరం అనిపిస్తాయి.

మధ్యాహ్నం రెండు దాటాక, గాలి పూర్తిగా ఆగిన రోజుల్లో, ఒక అరగంట మడుగు మీద చేప మూతులు కనిపిస్తాయి. మిడ్జ్‌లని పైనుంచే తింటుంటాయి. అప్పుడు ఇండికేటర్, బరువు అన్నీ తీసేసి, 22 నెంబరు గ్రిఫిత్స్ న్యాట్ అనే, నీళ్ళ పైన తేలే ఫ్లై ఒక్కటి కట్టండి. అవును, గ్లోవ్స్ తీయాలి. రోజంతా వేళ్ళని కాపాడుకున్నది ఈ ఒక్క ముడి కోసమే.

## 11. తిరిగి వచ్చాక

రాడ్‌ని తడిగా గొట్టంలో పెట్టి మూత బిగించకండి, ఇంట్లో విడదీసి తుడవండి. రీలు విప్పి రాత్రంతా ఆరబెట్టండి. వేడర్లు తిరగేసి లోపలి చెమట కూడా ఆరనివ్వండి. బూట్లని హీటర్ మీద పెట్టొద్దు, జిగురు ఊడుతుంది. వాటిలో పాత పేపర్లు కుక్కి గదిలో ఒక మూల ఉంచండి. తడి ఫ్లైలని పెట్టె మూత తెరిచి వదలకపోతే వారంలో గాలాలకి తుప్పు.

ఫోమ్ ముక్కలు ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కపెట్టి, ఆ రాత్రే మళ్ళీ కట్టేయండి. శనివారం 43 డిగ్రీలు, గాలి లేదు అని శుక్రవారం రాత్రి పదింటికి తెలుస్తుంది మరి.